క్లబ్ రెగ్యులర్ మీటింగ్‌లో క్రిప్టోకరెన్సీ ప్రసంగం: మొదటి ఫోన్ కాల్ నుంచి మినిట్స్ దాకా

డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా రోటరీయో, లయన్సో, వాసవి క్లబ్బో ఒకటి ఉంటుంది. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, నరసాపురం, ఏ ఊళ్లో చూసినా కంటి శిబిరాలు, రక్తదానాలు, బడిపిల్లలకు బెంచీలు ఈ క్లబ్బుల చేతుల మీదుగా జరిగినవే. అందుకే క్లబ్ మీటింగ్‌లో ఒకాయన మైకు పట్టుకుని ఏదైనా చెబితే ఊరు నమ్ముతుంది. డాక్టరు గారు, ప్లీడరు గారు, రైస్ మిల్లు ఓనరు గారు ముందు వరసలో కూర్చుని విన్న మాట కదా. క్రిప్టోకరెన్సీ (ఏ ప్రభుత్వమూ విడుదల చేయని డిజిటల్ సొమ్ము) మీద ప్రసంగం పెట్టే ముందు ప్రోగ్రామ్ చైర్మన్ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. వక్తకు మనం ఇస్తున్నది అరగంట టైముతో పాటు క్లబ్ పరువు కూడా. ఆ పరువును ఎవరూ సొమ్ము చేసుకోకుండా, సభ్యులకు మాత్రం విషయం నిండుగా అందేలా ఆ సాయంత్రాన్ని ఎలా నడపాలో ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ అంశం జోలికి వెళ్లకపోతే పోలా అని బోర్డు మీటింగ్‌లో ఒకరైనా అంటారు. వెళ్లాలండి. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లల ఫోన్లలో క్రిప్టో యాప్‌లు ఉన్నాయి. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు అక్కడి రూమ్మేట్లు చెబుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు వస్తున్నాయి. మన మీటింగ్‌లో వినకపోతే ఏజెంటు దగ్గర వింటారు. రెండింటిలో ఏది మేలో వేరే చెప్పక్కర్లేదు.

1. ప్రసంగం ఎందుకో ముందే రాసి పెట్టుకోండి

ఫోన్ ఎత్తే ముందు కాగితం మీద ఒక వాక్యం రాయండి: "ఈ మీటింగ్ అయ్యాక సభ్యుడికి క్రిప్టో అంటే ఏమిటో, దాని మీద పన్ను ఎంతో, మోసాన్ని ఎలా పసిగట్టాలో తెలియాలి." అంతే. కొనాలా వద్దా అన్నది అందులో లేదు. ఉండకూడదు కూడా. కొనమనీ, కొనవద్దనీ చెప్పే పని క్లబ్‌ది కాదని ప్రెసిడెంట్ గారి చేత కూడా ఒప్పించుకోండి. బోర్డులో ఆ వాక్యం చదివి మినిట్స్‌లో ఎక్కించండి. రేపు వక్త దారి తప్పితే ఆపడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.

2. తేదీ: పంటను బట్టి, చెరువును బట్టి

రోటరీ క్లబ్బులు నెలకు కనీసం రెండుసార్లు కలవాలి. 2016కు ముందు వారం వారం కలవడం తప్పనిసరిగా ఉండేది. ఆ ఏడాది రోటరీ నియమాలు చేసే కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ ఈ వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి తేదీ మన చేతుల్లోనే ఉంది.

సంక్రాంతి ముందు వారం, తర్వాత వారం వద్దు. సార్వా కోతలు ముమ్మరంగా ఉండే నవంబరు, డిసెంబరుల్లో మిల్లర్లు, కమీషన్ వ్యాపారులు రారు. నా లెక్కలో సరైన కాలం మార్చి, లేదంటే అక్టోబరు. ధాన్యం డబ్బు ఖాతాల్లో పడకముందే ఈ మాటలు చెవిన పడాలి. చేతిలో డబ్బు ఆడే రోజుల్లోనే "ఒక మంచి స్కీమ్ ఉందండి" అంటూ వచ్చేవాళ్లు కూడా ఎక్కువ.

రొయ్యల చెరువులున్న సభ్యులు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోలేరు. అర్ధరాత్రి దాటాక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు చూసుకోవాలి. తొమ్మిదిన్నరకు భోజనాలు కూడా అయిపోయేలా చూడండి.

3. వక్తను ఎంచుకోవడం

కష్టమంతా ఇక్కడే ఉంది. క్రిప్టో గురించి మాట్లాడతానని తనంతట తానే ఫోన్ చేసిన మనిషిని పిలవకండి. ఎంత పెద్ద కోటు వేసుకున్నా, దుబాయ్‌లో ఎన్ని ఫొటోలు దిగినా సరే. ఆయనకు మీ క్లబ్ మీద ప్రేమ పుట్టడానికి కారణం మీ సభ్యుల జాబితా.

మరి ఎవరు? క్రిప్టో రిటర్నులు ఫైల్ చేసిన చార్టర్డ్ అకౌంటెంట్ మంచి ఎంపిక. మీ పక్క ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే మాస్టారు ఇంకా మంచి ఎంపిక, కాకపోతే తెలుగులో చెప్పగలగాలి. సైబర్ క్రైమ్ విభాగం నుంచి ఒక అధికారి పది నిమిషాలు వచ్చినా చాలు. నన్నడిగితే ఇద్దరిని పిలవమంటాను: టెక్నాలజీకి మాస్టారు, పన్నుకు, మోసాలకు సీఏ గారు. ఒక్కరే అన్నీ చెబితే ఏదో ఒకటి తేలిపోతుంది.

పిలిచే ముందు వక్తను సూటిగా అడగండి. "మీకు క్రిప్టో కొని అమ్మే ఏదైనా ఎక్స్ఛేంజ్ నుంచి గానీ, కాయిన్ కంపెనీ నుంచి గానీ కమీషన్ వస్తుందాండి? మీ దగ్గర క్రిప్టో ఉందా?" సొంతంగా కొంత ఉంటే తప్పు లేదు. ఆ సంగతి మొదట్లోనే సభకు చెప్పాలి. కమీషన్ వస్తుందంటే మాత్రం మర్యాదగా దండం పెట్టేయండి.

ఇంకొకటి. "ఆ రోజు డిన్నర్ మా కంపెనీ స్పాన్సర్ చేస్తుందండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అన్నం పెట్టినవాడు మైకు అడుగుతాడు. అడిగాక కాదనడం మనవాళ్లకు చేతకాదు.

4. వక్తతో ముందే కూర్చోండి

వారం ముందు వక్తను కలిసి ఈ షరతులు చెప్పండి. చెప్పడంతో సరిపెట్టకుండా ఆహ్వాన పత్రంలో కూడా రాయండి: ఏ యాప్ పేరూ సిఫారసు చేయకూడదు. రెఫరల్ కోడ్, క్యూఆర్ కోడ్ చూపించకూడదు. సభ్యుల ఫోన్ నంబర్లు తీసుకోకూడదు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపు పెట్టకూడదు. రాబడి అంకెలు చెప్పేటప్పుడు నష్టాల అంకెలు కూడా చెప్పాలి. క్లబ్ డైరెక్టరీ ఎవరి చేతికీ వెళ్లకూడదన్నది సెక్రటరీ గారి బాధ్యత.

స్లయిడ్లు ముందే తెప్పించుకుని చూడండి. ఆరేడు మించితే తగ్గించమనండి. అక్షరాలు వెనక వరసలో అరవయ్యేళ్ల మాస్టారికి కూడా కనిపించాలి.

రోటరీ వారికి స్లయిడ్లు వడపోయడానికి ఒక జల్లెడ ఎప్పటినుంచో ఉంది. ఫోర్ వే టెస్ట్‌ను హెర్బర్ట్ టేలర్ 1932లో రాసుకున్నది చికాగోలో దివాలా అంచున ఉన్న అల్యూమినియం వంటపాత్రల కంపెనీని నిలబెట్టడానికే. ఇది నిజమేనా? సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా? సద్భావం, స్నేహం పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? 1943లో రోటరీ దాన్ని తన ప్రమాణంగా తీసుకుంది. ప్రతి వారం గడగడా చదివేసే ఆ నాలుగు ప్రశ్నలను ఈసారి ఒక్కో స్లయిడ్ ముందు పెట్టి చూడండి. "సంవత్సరంలో పదింతలు" అన్న స్లయిడ్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

5. హాలు, ఫ్లెక్సీ

ఫ్లెక్సీ మీద మొదటి క్రిప్టో అయిన బిట్‌కాయిన్ బొమ్మ, పక్కన క్లబ్ ఎంబ్లమ్ వేయించకండి. ఆ ఫొటో ఒకటి బయటికి వెళితే చాలు, ఎవరో దాన్ని కత్తిరించి "ఫలానా క్లబ్ వారు కూడా మన కాయిన్‌లో చేరారు" అని గ్రూపుల్లో తిప్పుతారు. "డిజిటల్ ఆస్తులు: అవగాహన సదస్సు" అని అక్షరాలు మాత్రం వేయించండి. శాలువా కప్పే ఫొటోలో కూడా వెనకాల అదే కనిపించాలి.

ఇన్వర్టర్ పనిచేస్తోందో లేదో ముందు రోజే చూడండి. ప్రొజెక్టర్ ఆగిపోయినా నడిచే ప్రసంగం కావాలంటే కింద చెప్పిన నోటు పుస్తకాల ఆట ఉపయోగపడుతుంది. అందుకోసం టేబుల్‌కొకటి చొప్పున ఐదు నోటు పుస్తకాలు, ఐదు పెన్నులు తెప్పించి ఉంచండి.

టిఫిను సంగతి చిన్నదే గానీ చెప్పాలి. మొదట టీ, వేడి పుణుగులు. భోజనం ప్రశ్నలన్నీ అయ్యాకే. మధ్యలో వడ్డన మొదలైతే అసలైన ప్రశ్న అడగవలసిన మనిషి ప్లేటు పట్టుకుని వరండాలో ఉంటాడు. ఆన్స్‌ను (సభ్యుల భార్యలను), పెద్ద పిల్లలను కూడా తప్పకుండా పిలవండి. ఇంట్లో ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకపోవడం వల్లే చాలా డబ్బు పోతోంది.

6. ఆ సాయంత్రం క్రమం

ఏడింటికి టీ. ఏడున్నరకు సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ సభను సర్దితే ప్రెసిడెంట్ గారు కాలర్ వేసుకుని గంట కొడతారు. ప్రార్థన, ఫోర్ వే టెస్ట్, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, సెక్రటరీ అనౌన్స్‌మెంట్లు అన్నీ కలిపి పావుగంటలో ముగించాలి. లయన్స్ క్లబ్ అయితే సభను నవ్వించే టెయిల్ ట్విస్టర్ సరదాలను ఆ రోజుకు కుదించమనండి. పావు తక్కువ ఎనిమిదికి వక్త పరిచయం. బయోడేటా మొత్తం చదవకుండా రెండు వాక్యాల్లో చెప్పండి. మూడో వాక్యంగా ఇది చేర్చండి: "వక్తకు ఏ క్రిప్టో కంపెనీతోనూ వ్యాపార సంబంధం లేదు. ఈ వేదిక మీద నుంచి క్లబ్ ఏ పెట్టుబడినీ సిఫారసు చేయదు."

ముప్పై అయిదు నిమిషాలు ప్రసంగం, అరగంట ప్రశ్నలు. ప్రశ్నలకు అంత సమయం ఎందుకని అనుకోకండి, ఆ అరగంటకోసమే ఈ ఏర్పాటంతా. ఆపైన వోట్ ఆఫ్ థ్యాంక్స్, జనగణమన, ఫెలోషిప్ అంటే భోజనాలు.

7. ప్రసంగంలో ఏమేం ఉండాలి

మొదట నోటు పుస్తకాల ఆట. మనకు చీటీ పాటలు తెలుసు. చీటీ లెక్క ఒక్క పెద్దమనిషి దగ్గరే ఉంటే ఆయన్ని నమ్మాలి. అదే లెక్క సభ్యులందరి ఇళ్లలోనూ ఒకేలా ఉంటే? బ్లాక్‌చెయిన్ అదే. ఐదు టేబుళ్లకు ఐదు పుస్తకాలు ఇవ్వండి. మాస్టారు మైకులో చెబుతారు: "రాజు గారు రమణ గారికి 500. రమణ గారు లక్ష్మి గారికి 200." అందరూ రాస్తారు. ఈలోగా మూడో టేబుల్ వారికి చెవిలో చెప్పి 200ను 2,000గా దిద్దించండి. ఇప్పుడు ఒక్కో టేబుల్‌ను పైకి చదవమనండి. నాలుగు ఒకలా, ఒకటి వేరేలా. దిద్దుబాటు ఎవరు చేశారో చెప్పకుండానే హాలంతా మూడో టేబుల్ వైపు తిరుగుతుంది.

అక్కడి నుంచి మాస్టారు అసలు సంగతిలోకి వెళ్లాలి. ప్రతి పేజీ కింద ఆ పేజీ గుర్తు ఒకటి వేస్తారు, దాన్ని హ్యాష్ అంటారు. తరువాతి పేజీ మొదట్లో అదే గుర్తు మళ్లీ రాస్తారు. ల్యాప్‌టాప్‌లో ఎస్‌హెచ్ఏ-256 చేసి చూపించమనండి. "భీమవరం" అని కొడితే 64 అక్షరాల గుర్తు వస్తుంది. చివర ఒక్క చుక్క చేర్చితే ఆ 64 అక్షరాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. పాత పేజీలో ఒక్క అంకె దిద్దినా ఆ తరువాతి పేజీల గుర్తులన్నీ తప్పుతాయి. దొంగలెక్క ఎందుకు దొరికిపోతుందో చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

మరి కొత్త పేజీ ఎవరు రాస్తారు? ఆటలో మాస్టారు చెప్పారు. బిట్‌కాయిన్‌లో అలా చెప్పే పెద్ద ఎవరూ లేరు. ప్రపంచమంతా కంప్యూటర్లు ఒక కష్టమైన లెక్క విప్పడానికి పోటీ పడతాయి. సుమారు పది నిమిషాలకు ఒకటి గెలుస్తుంది, పేజీ రాస్తుంది, బహుమతిగా కొత్త బిట్‌కాయిన్లు తీసుకుంటుంది. దీన్నే మైనింగ్ అంటారు. మొదట్లో బహుమతి 50 ఉండేది. 2,10,000 పేజీలకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125కి వచ్చింది. మొత్తం ఎప్పటికీ 2.1 కోట్లు దాటకుండా కట్టిన లెక్క ఇది.

చరిత్ర రెండు నిమిషాలు చాలు. సతోషి నకమోటో అన్న పేరుతో 2008 అక్టోబరు 31న బిట్‌కాయిన్ గురించి ఒక పత్రం వచ్చింది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్, అంటే లెక్కలో మొదటి పేజీ, తయారైంది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఈరోజుకీ తేలలేదు. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. సభ నవ్వుతుంది, నవ్వనివ్వండి. కానీ ఆ కథ చెప్పిన వెంటనే రెండో అంకె కూడా చెప్పించాలి: 2021 నవంబరులో బిట్‌కాయిన్ సుమారు 69,000 డాలర్ల దాకా వెళ్లింది, సరిగ్గా ఏడాదికి 16,000కు దిగువకు పడింది. ఒక్కటే చెప్పి రెండోది చెప్పకపోతే ఫోర్ వే టెస్ట్ మొదటి ప్రశ్నకు మనం జవాబు చెప్పుకోలేం.

తాళం గురించి తప్పక చెప్పించండి, ఇళ్లలో పనికొచ్చేది ఇదే. క్రిప్టో సొంత వాలెట్‌లో ఉంటే దానికి 12 లేదా 24 ఇంగ్లీషు మాటల వరస ఒకటి ఉంటుంది. ఆ మాటలు తెలిసినవాడిదే డబ్బు. పోతే కొత్తది ఇచ్చే బ్యాంకు మేనేజరు ఎవరూ లేరు, తప్పు చిరునామాకు పంపితే వెనక్కి తెచ్చే దారీ లేదు. కొన్న మనిషి హఠాత్తుగా పోతే భార్యకు, పిల్లలకు ఆ మాటలు తెలియక డబ్బు అక్కడే ఉండిపోతుంది. ఎక్స్ఛేంజ్‌లో ఉంచితే ఈ బాధ లేదు కానీ ఎక్స్ఛేంజ్‌ను నమ్మాలి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ కుప్పకూలింది. 2024 జులైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను హ్యాకర్లు కాజేశారు. చిన్నవాళ్ల దగ్గర మాత్రమే ఇలా జరుగుతుందనుకోవడానికి లేదు.

యూపీఐకీ, ఆర్‌బీఐ డిజిటల్ రూపాయికీ, క్రిప్టోకూ తేడా ఒక స్లయిడ్‌లో పెట్టండి. యూపీఐలో కదిలేది మన బ్యాంకు ఖాతాలో రూపాయే. 2022 డిసెంబరు 1 నుంచి ప్రజల మధ్య ప్రయోగాత్మకంగా నడుస్తున్న డిజిటల్ రూపాయి రిజర్వు బ్యాంకు విడుదల చేసిన రూపాయే. బిట్‌కాయిన్ వెనక ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ లేదు.

*చట్టం*

"నిషేధం ఉందా, లేదా?" ఇది అందరూ అడుగుతారు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో లావాదేవీలకు సేవలు ఇవ్వవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకు వచ్చాయి. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. అంటే కొనడం నేరం కాదు, అయినా అది చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. కిరాణా కొట్టువాడు తీసుకోనంటే అడగడానికి లేదు. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం హామీ ఇచ్చినట్టేనని ఏజెంట్లు చెబుతారు. పన్ను కట్టించుకోవడం వేరు, హామీ పడటం వేరు.

*పన్ను: బోర్డు మీద లెక్క వేయించండి*

సీఏ గారు నోటితో చెబితే తలకెక్కదు. బోర్డు మీద ఇలా రాయమనండి. ఒకాయన ఒక కాయిన్ 1,00,000కు కొని 1,50,000కు అమ్మాడు. లాభం 50,000. ఇంకో కాయిన్ 1,00,000కు కొని 60,000కు అమ్మాడు. నష్టం 40,000. చేతికి మిగిలింది 10,000. పన్ను ఎంత?

చాలామంది మూడు వేలంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. కాబట్టి పన్ను 50,000 మీద: 15,000, సెస్ 600, మొత్తం 15,600. పది వేలు సంపాదించిన మనిషి పదిహేను వేల ఆరు వందలు కట్టాలి. జేబులోంచి 5,600 ఎదురు. ఈ లెక్క బోర్డు మీద పడ్డాక హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. సీఏ గారు తొందరపడకుండా ఆ కాసేపూ ఆగితే మంచిది.

2022 జులై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ కూడా కోస్తారు. పై ఉదాహరణలో 1,500, 600. అది రిటర్నులో సర్దుబాటవుతుంది. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ లాభంలోంచి తీసేయడానికి లేదు. రిటర్నులో క్రిప్టో లాంటి వర్చువల్ డిజిటల్ ఆస్తులకు విడిగా షెడ్యూల్ ఉంది, అందులో చూపించాలి. "మాది వ్యవసాయ ఆదాయమండి, మాకు పన్ను ఉండదు" అనే రైతులకు ప్రత్యేకంగా చెప్పించండి: వరి మీద పన్ను లేకపోవచ్చు, వరి డబ్బుతో కొన్న కాయిన్ మీద వచ్చిన లాభానికి ఉంది. ఏ శ్లాబులో ఉన్నా ఆ 30 శాతం తప్పదు.

*మోసాలు*

అగ్రిగోల్డ్ డిపాజిటర్ల కష్టాలు చూసిన జిల్లాలు మనవి. కొత్త మోసాల్లో చాలావాటికి పేరు మాత్రమే క్రిప్టో, లోపల పాత గొలుసుకట్టే. వన్‌కాయిన్ కథ ఉదాహరణగా చెప్పించండి. 2014లో మొదలైంది, దేశదేశాల్లో సభలు పెట్టి అమ్మారు, దాని వెనక పనిచేసే బ్లాక్‌చెయినే లేదు. నడిపిన రుజా ఇగ్నటోవా 2017లో మాయమైంది. 2022లో ఎఫ్‌బీఐ ఆమెను పది మంది మోస్ట్ వాంటెడ్ జాబితాలో పెట్టింది. ఆమె అమ్మకాలు జరిగింది ఇలాంటి హాళ్లలోనే, ఇలాంటి మైకుల ముందే.

రెండో రకం నకిలీ ట్రేడింగ్ యాప్. వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, యాప్‌లో లాభం చూపిస్తారు, మొదట రెండు మూడు వేలు నిజంగానే వెనక్కి ఇస్తారు. పెద్ద మొత్తం పెట్టాక తీయబోతే "ముందు టాక్స్ కట్టండి" అంటారు. అసలు పన్ను అలా యాప్‌లో అడిగి కట్టించుకోరని సభకు గట్టిగా చెప్పాలి.

మూడోది మన పిల్లలకు సంబంధించింది, దీన్ని దాటవేయకండి. ముక్కూమొహం తెలియనివాళ్లకు నేరుగా యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో) అమ్మితే ఖాతాలో పడే రూపాయలు ఎక్కడో ఒకరి దగ్గర దోచినవి కావచ్చు. ఏదో రాష్ట్రం పోలీసుల నుంచి లేఖ వచ్చి ఖాతా ఫ్రీజ్ అవుతుంది. ఇంకా కొందరు కాలేజీ కుర్రాళ్లు ఐదు వేలకో పదివేలకో తమ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకు ఇస్తున్నారు. ఆ కుర్రాడు ఒక్క రూపాయి కాజేయకపోయినా కేసులో పేరు అతనిదే ఉంటుంది.

8. ప్రశ్నలు నడపడం

మొదటి ప్రశ్న ఎవరూ అడగరు. ముందే ఒక సభ్యుడికి చెప్పి ఉంచండి. నలుగురిలో అడగడానికి మొహమాటపడేవాళ్లకోసం టేబుళ్ల మీద చీటీలు పెట్టి, పేరు రాయక్కర్లేదని చెప్పండి. నిజమైన ప్రశ్నలు ఆ చీటీల్లోనే వస్తాయి.

ఒక ప్రశ్న దాదాపు ప్రతిసారీ వస్తుంది. దానికి వక్తను సిద్ధం చేసుకోండి. వెనక నుంచి ఒక పెద్దాయన లేస్తారు.

"మా తోడల్లుడు గారు ఒకదాంట్లో చేర్పించారండి. నెలకి పది శాతం అన్నారు. మూడు నెలల నుంచీ యాప్‌లో పడుతూనే ఉందండి మరి."

ఇక్కడ వక్త "అది మోసమండి" అనేస్తే పెద్దాయన నొచ్చుకుంటారు, తోడల్లుడి మీద మాట పడిందని కూర్చుండిపోతారు. ఇలా అడగడం మేలు:

"సంతోషమండి. మీరు పెట్టిన అసలు ఎప్పుడైనా పూర్తిగా వెనక్కి తీసి, మీ బ్యాంకు ఖాతాలో పడ్డాక చూశారా?"

"లేదండి. ఏడాది లాకింగ్ ఉందన్నారు."

"మీ కింద ఇంకొకరిని చేర్పిస్తే మీకేమైనా వస్తుందాండి?"

"వస్తుందన్నారండి."

"ఆ కంపెనీ ఎక్కడ నమోదైందో కాగితం ఏమైనా ఇచ్చారా?"

అప్పటికి పెద్దాయనకే కాదు, హాలుకంతటికీ జవాబు తెలిసిపోతుంది. ఎవరి పరువూ పోదు. మీటింగ్ అయ్యాక సీఏ గారు ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, ఇంకో రూపాయి పెట్టవద్దనీ, ఎవరినీ కొత్తగా చేర్పించవద్దనీ, స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోమనీ చెప్పాలి.

"ఇప్పుడు కొనచ్చాండి?" అన్న ప్రశ్నకు వక్త జవాబు చెప్పబోతే ప్రెసిడెంట్ గారు గంట మీద చెయ్యి వేయాలి. అది ఈ సభ పని కాదని మొదట్లోనే చెప్పాం కదా. సభలో ఎవరైనా లేచి తన స్కీము గురించి వివరించడం మొదలుపెట్టినా అంతే. మన సభ్యుడే అయినా, పాస్ట్ ప్రెసిడెంటే అయినా, "తరువాత మాట్లాడుకుందామండి" అని మైకు పక్కకు ఇవ్వాలి. దీనికి సార్జెంట్ ఎట్ ఆర్మ్స్‌ను ముందే సిద్ధం చేయండి. మొహమాటం లేని మనిషికి ఆ రోజు ఆ బాధ్యత ఇవ్వడం మంచిది.

ముగించే ముందు ఒక్క నంబరు అందరి చేతా ఫోన్లలో సేవ్ చేయించండి: 1930. సైబర్ మోసంలో డబ్బు పోయిందని తెలిసిన క్షణమే దానికి ఫోన్ చేయాలి. రాత్రయిందని, ఇంట్లో తెలిస్తే తిడతారని తెల్లవారేదాకా ఆగకూడదు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఉంటుంది. లావాదేవీ నంబరు, తేదీ, సమయం చేతిలో పెట్టుకుని చేయాలి. తరువాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సేవ్ చేశారో లేదో చూడటానికి టేబుల్ లీడర్లను ఒకసారి తిప్పండి.

9. మర్నాటి పనులు

విలేకరులకు ప్రెస్ నోట్ మీరే రాసి పంపండి. రాయకపోతే వాళ్లు తోచింది రాస్తారు, "క్రిప్టోతో లాభాలు" అన్న హెడ్డింగ్ పడినా పడవచ్చు. మొదటి వాక్యంలోనే పన్ను, మోసాలు, 1930 ఉండాలి. ఫొటోలు గ్రూపులో పెట్టేముందు ఒక్కొక్కటి చూడండి.

మినిట్స్‌లో వక్త పేరు, ఆయన ఇచ్చిన వ్యాపార సంబంధాల ప్రకటన, ముఖ్యాంశాలు, చీటీల్లో వచ్చిన ప్రశ్నలు ఎక్కించండి. ఆ చీటీలను పారేయకండి. ఎక్కువమంది దేని గురించి అడిగారో చూస్తే తరువాతి కార్యక్రమం ఏమిటో అవే చెబుతాయి. పన్ను గురించి ఎక్కువ వస్తే జులైలో రిటర్నుల సీజన్‌కు ముందు సీఏ గారితో ఒక శనివారం ఉచిత సలహా శిబిరం పెట్టవచ్చు. ఖాతాల అద్దె గురించి వస్తే రోటరాక్ట్ పిల్లలతో కాలేజీలో అదే ప్రసంగం అరగంటలో చేయించవచ్చు. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లకు, డ్వాక్రా సంఘాలకు కూడా ఇది అందాలి. వారికి ప్రొజెక్టర్ వద్దు, నోటు పుస్తకాల ఆటా, 1930 నంబరూ చాలు.

రోటరీ సంవత్సరం జులై 1న మారుతుంది. ఆహ్వాన పత్రం నమూనా, షరతుల కాగితం, స్లయిడ్లు, చీటీలు అన్నీ ఒక ఫైలులో పెట్టి కొత్త సెక్రటరీ గారి చేతికి ఇవ్వండి. పన్ను అంకెలు బడ్జెట్‌కు మారవచ్చు కాబట్టి, ఆ స్లయిడ్‌ను ప్రతి ఏడూ సీఏ గారి చేత తిరిగి చూపించుకోమని ఫైలు మీద రాసి ఇవ్వండి.